ప్రెస్సు షాపు టెక్నో

టెక్నో సంగీతం న్యాయంగా పటాన్‌చెరులో పుట్టాలి. అడ్రసు దొరక్క డెట్రాయిట్‌లో పుట్టింది. 1980లలో ఆ కార్ల ఫ్యాక్టరీల గడ్డ మీద జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు బడి దోస్తులు యంత్రాల చేత పాడించారు.  అప్పటికే మా పటాన్‌చెరు ఫ్యాక్టరీ షెడ్లలో రాత్రింబవళ్లు దబదబలే. సరుకంతా మా దగ్గరే ఉంది, దానికి ఎగరొచ్చన్న సంగతే తట్టలేదు.

మా ఊరు కంది మీదుగా పోయే బొంబాయి రోడ్డు ఆ చివరన మాత్రం ఒకాయనకు తట్టింది. సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే రోలాండ్ యంత్రాలు ముందేసుకుని 10 రాగాలకు డిస్కో దరువు కట్టి రికార్డు తెచ్చాడు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైతే విదేశాల వాళ్లు చెవి కోసుకున్నారు.

ఇక మా కందిలో ఐఐటీ ఉంది. 2008లో మొదలై, కొన్నేళ్లు ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తలదాచుకుని ఇక్కడికొచ్చింది. ఫ్యాక్టరీ సావాసం దానికీ తప్పలేదన్నమాట. అక్కడ ఏటా జరిగే ‘ఎలాన్ అండ్ ఎన్‌విజన్’ పండుగలో డీజే రాత్రికి మా అక్క కొడుకు పాసులు తెచ్చాడు. ఫ్యాక్టరీలో రేకులు గుద్దే పవర్ ప్రెస్ మీద తల పండిన మా చిన్నాయనను వెంటబెట్టుకుని పోయాను.

"మెలోడిక్ టెక్నో అంటే ఏంది బిడ్డా?"

"నిమిషానికి 120, 125 బీట్లు పడ్తయి తాతా. పైనుంచి మెల్లగ రాగం వస్తది."

"మా ప్రెస్సు 40 కొడ్తది. పైనుంచి సూపర్‌వైజర్ రాగం తీస్తడు."

సెట్టు మొదలై చాలాసేపైంది. పిల్లలు కళ్లు మూసుకుని ఊగుతున్నారు.

"పాట ఎప్పుడు షురూ అయితది?"

"ఇదే పాట తాతా."

"మరి పాడెటోడు?"

"ఉండడు."

"ఒక జీతం మిగిలింది."

ఉన్నట్టుండి దరువు ఆగిపోయింది. సన్నటి సింథసైజర్ కూత ఒక్కటే సాగుతోంది. పొగ లేచింది, ఫోన్లన్నీ పైకి లేచాయి. చిన్నాయన కూడా దిగ్గున లేచాడు: "ఎవని చెయ్యి పడ్డదిరా?"

షిఫ్టు నడుమ ప్రెస్సు ఆగిందంటే ముందు చేతులు చూడాలి. ఇక్కడ ఆగడానికే టికెట్టు. దడేలుమని దరువు మళ్లీ పడి, జనం కేకలు పెట్టాక గానీ ఆయన కూర్చోలేదు.

ఆ తర్వాత జేబులోంచి నారింజ రంగు ఇయర్ ప్లగ్గులు తీశాడు. ఒక్కోదాన్ని రెండు వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి దూర్చాడు. ఫ్యాక్టరీ లెక్క ఆయనకు కంఠతా వచ్చు: మోత 90 డెసిబెల్స్ అయితే 8 గంటలకు మించి ఉండొద్దు, 100 అయితే 2, 105 అయితే ఒకే గంట. స్పీకరును కరుచుకుని నిలబడ్డ కాబోయే ఇంజనీర్లలో ఒక్కడి చెవిలోనూ ప్లగ్గు లేదు. చిన్నాయన మాత్రం కాళ్లలోంచి ఎక్కుతున్న దరువుకు తల ఊపుతూ చివరిదాకా కూర్చున్నాడు.

కాబట్టి డీజే రాత్రులకు పోయే పిల్లలూ, పాసుతో పాటు మందుల షాపులో ఒక జత ప్లగ్గులు కూడా కొనుక్కోండి. పోయిన సబ్జెక్టుకు సప్లిమెంటరీ ఉంటుంది గానీ, పోయిన వినికిడికి ఉండదు.