పడితే నవ్వేవాళ్లేరీ?

మొన్న మా అమ్మాయి ఫోను నా మొహం ముందు పెట్టి "నాన్నా, ఇది చూడు" అంది. ఎవడో కుర్రాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు, గోడ మీంచి ప్లాస్టిక్ కుర్చీల మీదకి దూకాడు. కుర్చీలు విరిగాయి. వాడు లేచి, దుమ్మయినా దులుపుకోకుండా "నచ్చితే లైక్ కొట్టండి" అన్నాడు. చుట్టూ నరపురుగు లేదు. స్టాండుకి ఫోను బిగించుకుని తనే తీసుకున్నాడు, తనే పడ్డాడు, తనే లేచాడు.

"ఇందులో నవ్వడానికేముందే?"

"నీకేం నచ్చుతుందిలే."

రోషం వచ్చింది. పడటం గురించి నాకా చెప్పేది!

మా రోజుల్లో, అంటే 2000లో (అదీ పాతకాలమే అయిపోయింది, నవ్వకండి), న్యూజెర్సీలో కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్ హౌస్‌లో నలుగురం ఉండేవాళ్లం. గుంటూరు వాడొకడు, రాజమండ్రి వాడొకడు, వరంగల్ వాడొకడు, నేను. పేరుకి గెస్ట్ హౌస్, నిజానికి రెండు పరుపులు, ఒక రైస్ కుక్కరు, ఒక టీవీ. ఆ అక్టోబరులో ఎంటీవీలో జాక్‌యాస్ మొదలైంది. జాక్‌యాస్ అంటే మగ గాడిద. తిట్టుగా అయితే మన అడ్డగాడిదే. మరుసటేడు ఉద్యోగాలు పోయి బెంచ్ మీద కూర్చున్నప్పుడు మమ్మల్ని కాపాడింది పప్పుచారూ ఈ అడ్డగాడిదలూ.

వాళ్ల నాయకుడు జానీ నాక్స్‌విల్. టెనెసీలో నాక్స్‌విల్ అనే ఊరివాడు, మన ఇంటిపేర్లలాగే ఊరి పేరు తగిలించుకున్నాడు. నటుడవుదామని లాస్ ఏంజిలిస్ చేరాడు. ఆత్మరక్షణ కోసం అమ్మే సరుకులు నిజంగా పనిచేస్తాయా అని తన ఒంటి మీదే పరీక్షించి పత్రికకి రాస్తానన్నాడు. కళ్లలో మిరియాల స్ప్రే, ఒంటికి కరెంటు షాకు, చివరికి బులెట్ ప్రూఫ్ చొక్కా తొడుక్కుని తనని తనే కాల్చుకున్నాడు. ఒప్పుకున్న పత్రిక స్కేట్‌బోర్డు కుర్రాళ్లది, పేరు బిగ్ బ్రదర్. దాని ఎడిటరు జెఫ్ ట్రెమెయిన్ "రాయడమెందుకు, వీడియో తీద్దాం" అన్నాడు. సినిమా దర్శకుడు స్పైక్ జోన్జ్ తోడయ్యాడు. పెన్సిల్వేనియాలో ఇలాంటి పనులే చేసుకుంటున్న బామ్ మార్జెరా బృందం వచ్చి కలిసింది. అలా చేరింది గుంపు.

ఏం చేసేవాళ్లంటారా? అన్నీ పత్రికలో రాయలేను. 2002లో వచ్చిన మొదటి సినిమాలో బామ్ తన తల్లి వంటింట్లోకి బతికున్న మొసలిని వదిలాడు. ఆవిడ పెట్టిన కేకలు వింటే మా అమ్మ బల్లిని చూసినట్టే అనిపించింది. అదే సినిమాలో బామ్ నేస్తం ర్యాన్ డన్ ఒంట్లోకి బొమ్మ కారు ఎట్నుంచి వెళ్లిందో అడక్కండి. ఎక్స్‌రే చూసిన డాక్టరు మొహం మాత్రం జన్మలో మర్చిపోలేను. 50 లక్షల డాలర్లతో తీశారు దాన్ని, వసూలు దాదాపు 8 కోట్ల డాలర్లు.

అసలు చూడాల్సింది పడేవాణ్ని కాదు, పక్కన నించున్నవాళ్లని. ఒకడు పడగానే మిగతావాళ్లు కడుపులు పట్టుకుని కింద పడి దొర్లుతారు. కెమెరా పట్టుకున్న లాన్స్ బ్యాంగ్స్ అయితే అసహ్యం పట్టలేక వాంతి చేసుకునేవాడు, అదీ సినిమాలో ఉంటుంది. ముందు నవ్వు, తర్వాత పరామర్శ. ఆ వరస అప్పట్లో ఎప్పుడూ తప్పలేదు.

మేమూ ఆగలేదు. మంచు పడ్డ రోజున సరుకుల బండిలో గుంటూరు వాణ్ని కూర్చోబెట్టి పార్కింగ్ లాట్ వాలులో తోశాం. ఇంట్లో ఇలాంటివి చేయొద్దని ప్రతిసారీ హెచ్చరిక వేసేవాళ్లు. మేం బయట చేశాం కదా! మోకాలు చెక్కుకుపోయింది. ఇన్సూరెన్సు లేదు, పసుపు అద్దాం. వాడికంటే మేమే ఎక్కువ ఏడ్చాం, నవ్వి నవ్వి.

ఇదంతా చెబితే మా అమ్మాయి, "మీరు చూసిందీ రీల్సే కదా నాన్నా, కాస్త పొడుగు" అంది. నిజంగానే నోట మాట రాలేదు. అయినా ఒప్పుకోను. రీల్‌లో పడినవాడు మళ్లీ రేపు కనిపిస్తాడా? వీళ్లు ఇరవయ్యేళ్లకి పైగా కనిపించారు. మత్తుమందుల్లో కూరుకుపోయిన తమ గుంపువాడు స్టీవ్-ఓని 2008లో ఆస్పత్రికి చేర్చింది ఆ నాక్స్‌విలూ మిగతా నేస్తాలే. అప్పట్నుంచి అతను చుక్క ముట్టలేదు. 2011 జూన్‌లో ర్యాన్ డన్ కారు ప్రమాదంలో పోయాడు. అది స్టంటు కాదు. తాగి, విపరీతమైన వేగంతో నడిపాడు. చిన్నప్పటి స్నేహితుడు పోయాక బామ్ చాలా ఏళ్లు కుదుటపడలేదు. 2022లో వచ్చిన జాక్‌యాస్ ఫరెవర్ షూటింగులోంచి అతన్ని తీసేశారు, కోర్టు దాకా వెళ్లి రాజీ పడ్డారు. స్నేహమంటే అన్నీ సర్దుకుపోతాయని నేననను.

ఆ సినిమాలో నాక్స్‌విల్ తల నెరిసిపోయింది. ఎద్దు కుమ్మితే గాల్లో గిరికీ కొట్టి పడ్డాడు. పక్కటెముక, మణికట్టు విరిగాయి, మెదడులో రక్తస్రావం. నాకూ అతనికీ ఇంచుమించు ఒకే వయసు. ఆ ఎద్దు సీనులో మొదటిసారి నాకు నవ్వు రాలేదు. మిగతావాళ్ల మొహాలకేసి చూశాను. వాళ్లూ నవ్వడం లేదు.

మేం నలుగురం ఇప్పుడు నాలుగు ఊళ్లలో ఉన్నాం. వాట్సాప్‌లో రోజూ గులాబీ పువ్వులు, శుభోదయాలు. కిందటి ఆదివారం గుంటూరు వాడు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేశాడు, చేతికి కట్టు. బాత్రూంలో జారాట్ట. వరంగల్ వాడు ఫక్కున నవ్వాడు, తర్వాత రాజమండ్రి వాడు, తర్వాత నేను. కళ్లు తుడుచుకుని "ఇంతకీ విరిగిందేంట్రా?" అని అడిగేసరికి, వాడి వెనకాల చెల్లెమ్మ "ఏం మనుషులండీ మీరు!" అని కేకలేస్తోంది.

వాడు మాత్రం ఒంటి చేత్తో కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.