కోడింగ్ రాకుండా పట్టిక: చివ్వెంల పద్ధతి

మీకు కోడింగ్ రాదు. సంతోషం. వచ్చి ఉంటే ఈ పని ఒక్క పూటలో అయిపోయేది, ఊళ్లో ఎవరికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

పని ఇదీ. చివ్వెంల మండలం దురాజ్‌పల్లి గట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. పెద్దగట్టు జాతర అంటే సూర్యాపేట నుంచి కోదాడ దాకా తెలియనివాళ్లు లేరు. తెలంగాణలో మేడారం తర్వాత ఇంత పెద్ద జాతర ఇదేనంటారు. కేసారం నుంచి దేవరపెట్టె గట్టుకు చేరిన దగ్గర్నుంచి 'ఓ లింగా, ఓ లింగా' తప్ప ఇంకో మాట వినపడదు. 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా, ఐదు రోజులు జరిగింది. ఆ జాతరకు డప్పులు పెట్టించి, అన్నదానం చేసిన సంఘం ఒకటి మీ ఊళ్లో ఉందనుకోండి. అనుకోండి అనే అంటున్నాను. ఏ సంఘం పేరూ నా మనసులో లేదు, ఎవరూ భుజాలు తడుముకోవద్దు.

ఆ సంఘానికో వెబ్‌సైట్. దాంట్లో చందాల పట్టిక పెట్టాలని పెద్దమనుషుల తీర్మానం. "నువ్వు కంప్యూటర్ సదివినవ్ గదరా, గీ లిస్టు జర గండ్ల పెట్టు" అని కాగితాల కట్ట మీ చేతిలో పెట్టారు. మీరు చదివింది బీకాం కంప్యూటర్స్. అందులో కంప్యూటర్ ఎంతుందో మీకూ తెలుసు, కాలేజీకీ తెలుసు. అయినా కాదనకండి.

ముందుగా, పోకూడని దారులు చెబుతాను. గూగుల్ షీట్స్‌లో లిస్టు టైపు చేసి, ఫైల్ మెనూలో షేర్ కింద 'పబ్లిష్ టు వెబ్' నొక్కి, అది ఇచ్చిన ముక్కను పేజీలో అతికిస్తే పట్టిక వచ్చేస్తుంది. ఒక్క అక్షరం కోడ్ రాయనక్కర్లేదు. సైట్ వర్డ్‌ప్రెస్‌లో ఉంటే టోబియాస్ బేట్గె అనే జర్మన్ ఆయన చేసిన టేబుల్‌ప్రెస్ ఉంది, ఉచితం. పట్టిక నింపి, చదరపు బ్రాకెట్లలో దాని నంబరు వేస్తే చాలు. పైన వెతుక్కునే గడి వస్తుంది, ఏ కాలమ్ తల మీద నొక్కితే ఆ కాలమ్ ప్రకారం వరుసలు సర్దుకుంటాయి. 1996లో డేవ్ రాగెట్ వెబ్ పట్టికలకు ప్రమాణ పత్రం రాసిన రోజుల్లో టీఆర్ అనీ, టీడీ అనీ ఒక్కో గడినీ చేత్తో కట్టుకోవాల్సి వచ్చేది. ఆ బాధ తీరి చాలాకాలమైంది. బాధ తీరింది కాబట్టే ఇబ్బంది. వెతుక్కునే గడి ఉంటే జనం వెతుకుతారు. మొదట వెతికేది తమ పేరు, వెంటనే పక్కింటాయన పేరు.

గూగుల్ దారిలో ఇంకో గుంట కూడా ఉంది. పబ్లిష్ చేసేటప్పుడు మొత్తం ఫైలా, ఒక్క షీటా అని అడుగుతుంది. మీరేమీ మార్చకపోతే మొత్తం ఫైలే లోకానికి పోతుంది. మొదటి షీట్ పేరు 'చందాలు', రెండో షీట్ పేరు 'అసలుది' అయిన ఫైలు మీ చేతిలో ఉంటే, ఆ క్షణంలో మీ సంఘమంత పారదర్శకమైన సంఘం దేశంలోనే ఉండదు.

ఇవన్నీ తెలిసీ పట్టిక పెట్టక తప్పదంటే, కనీసం అది దేనికీ పనికిరాకుండా పెట్టాలి. మొదటి జాగ్రత్త అంకెల దగ్గర. ఉత్త 5016 అని ఎప్పుడూ రాయకండి. 'రూ.5,016/-' అని రాయండి. నూటపదహార్ల కాలం నుంచి వస్తున్న మర్యాద ఇది, ఎవరూ తప్పు పట్టరు. ఆ 'రూ.' చూడగానే, చివరి గీత చూడగానే కంప్యూటర్ అది అంకె కాదు, మాట అనుకుంటుంది. ఇక ఎవరైనా వచ్చి ఎక్కువ ఇచ్చినవాళ్లు పైన ఉండాలని ఆ కాలమ్ తల మీద నొక్కారా, అక్షరాల లెక్కన సర్దుతుంది: 516 ఇచ్చినాయన శిఖరం మీద, ఆయన కింద 5,016, ఆ కింద 116, పాపం 10,116 ఇచ్చిన కాంట్రాక్టర్ అడుగు నుంచి రెండో స్థానం, ఆయన కాళ్ల కింద 1,116. సామ్యవాదం కోసం ఈ ప్రాంతంలో ఎన్నో పోరాటాలు జరిగాయి గానీ, ఇంత తేలిగ్గా ఎవరూ సాధించలేదు. పైగా ఎక్సెల్‌లో ఆ కాలమ్ కింద సమ్ ఫార్ములా వేస్తే మొత్తం సున్నా వస్తుంది. సున్నా వసూలైన చోట ఖర్చు ఎంతయిందని అడిగే నాథుడు ఉండడు.

పేర్ల సంగతి ఇంకా బాగుంటుంది. గౌరవ వాచకానికి వేరే కాలమ్ పెట్టకుండా పేరుతోనే కలిపేయండి. అక్షర క్రమం నొక్కగానే 'అజ్ఞాత భక్తుడు' అందరికంటే పైకి వస్తాడు. పేరు వద్దని దండం పెట్టి చెప్పిన మనిషికి పట్టాభిషేకం. ఆ తర్వాత 'కీ.శే.' అని మొదలయ్యే వాళ్లంతా వరసగా. తండ్రి పేరున, తాత పేరున ఇచ్చినవి కదా. ఆ తర్వాత 'డా.' ఉన్నవాళ్లు. బతికుండి, డాక్టర్ కాకుండా, పేరు చెప్పి ఇచ్చిన సామాన్య 'శ్రీ' గార్లు చిట్టచివర. ప్రెసిడెంట్ గారు ఫోన్ చేసి "నా పేరు రెండో పేజీకి పోయిందేందిరా?" అంటే "సిస్టమ్ అట్ల జేసింది కాకా" అనండి. కంప్యూటర్ అని కాదు, సిస్టమ్ అనాలి. సిస్టమ్ అన్నాక ఎదురు ప్రశ్న వేసిన పెద్దమనిషి లేడు.

కాగితం మీద ఊరి పేరు కింద రెండేసి చుక్కలు పెట్టుకుంటూ పోవడం మనకు అలవాటు: డిటో. ఆ చుక్కల్ని చుక్కలుగానే ఎక్కించండి. ఒక్కసారి వరుస మారిందంటే కేసారం వాళ్ల చుక్కలు ఐలాపురం కిందికి, ఐలాపురం వాళ్లవి ఇంకెక్కడికో పోతాయి. ఎవరు ఏ ఊరో ఆ లింగమంతుల స్వామికే ఎరుక.

ఇంటి నంబర్ల దగ్గర మీరు చేయాల్సిందేమీ లేదు, ఎక్సెల్ చూసుకుంటుంది. '3-5' అని కొట్టి ఎంటర్ నొక్కితే మన దేశపు సెట్టింగుల్లో అది మే 3వ తేదీ అయిపోతుంది. కంగారుపడి ఆ గడిని నంబరుగా మార్చారా, 2026లో కొట్టినదైతే 46145 అని చూపిస్తుంది. 1900 నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చిన అంకె అది. ఇంటి నంబర్ 46145! చివ్వెంల రాత్రికి రాత్రే హైదరాబాదంత అయిపోయింది. గడిలో ముందుగా ఒక అపాస్ట్రఫీ కొట్టి రాసినా, కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి ఉంచినా ఈ తంటా ఏదీ ఉండదు. అందుకే ఈ సంగతి ఎవరికీ చెప్పకండి.

మనకే ఇలా జరుగుతుందని చిన్నబోవద్దు. మార్చ్1, సెప్ట్1 అనే మానవ జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, ఏళ్ల తరబడి శాస్త్రవేత్తలు చూసుకోకుండానే వ్యాసాలు అచ్చు వేశారు. చివరికి 2020లో పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం ఎక్సెల్‌ను మార్చలేక జన్యువుల పేర్లే మార్చింది. అదే ఏడాది ఇంగ్లండులో పాత తరహా ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసల కంటే పట్టక, దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా కొన్ని రోజులు బయటే నిలబడ్డాయి. మీ చందాదారులు 65 వేలు దాటినప్పుడు ఆ సంగతి చూద్దాం.

ఈ విషయంలో మన పాత రెవెన్యూ వాళ్లకు దండం పెట్టాలి. భూమి పంచుకున్నప్పుడల్లా సర్వే నంబర్ కింద అ, ఆ, ఇ, ఈ అని బై నంబర్లు వేశారు. 125/ఆ ను తేదీగా మార్చే మొనగాడు సాఫ్ట్‌వేర్ ఇంకా పుట్టలేదు. అంకెతో వేసిన 12/3 మాత్రం మార్చి 12 అయి కూర్చుంటుంది.

రెవెన్యూ మాట వచ్చింది కాబట్టి అసలైన గురువులు ఎవరో చెప్పుకోవాలి. ఈ నేల మీద మనుషుల్ని బతికించిందీ చంపిందీ ఒక పట్టిక, పహాణీ. 1954-55 ఖాస్రా పహాణీ నకలు కోసం ఇప్పటికీ జనం ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. పాత పహాణీలో పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, సాగు చేస్తున్న అనుభవదారు పేరు ఇంకో కాలమ్‌లో ఉండేవి. 2020 అక్టోబర్ 29న భూమి రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. అందులో అనుభవదారు కాలమ్ లేదు. దున్నేవాడు చేన్లోనే ఉన్నాడు, పట్టికలో లేడు. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చి ధరణి పోయింది గానీ, కాలమ్ అంటే ఏమిటో తెలియని కౌలుదారు ఈ జిల్లాలో ఎవరూ మిగల్లేదు. కోడింగ్ రాకుండా ఒక పట్టికతో ఎంత పని చేయవచ్చో తెలుసుకోవడానికి ఇంతకు మించిన పాఠం నాకు కనపడలేదు. టేబుల్‌ప్రెస్‌లోనూ కాలమ్ దాచేయడానికి ఒక మీట ఉంది. 'ఖర్చు' అనే కాలమ్ మీద వేలు పెట్టి చూడండి.

ఇంత కష్టం ఎందుకనుకునే వాళ్లకు రాజమార్గం ఒకటుంది: ఫొటో. సూర్యాపేటలో డీటీపీ షాపుకు వెళ్లి లిస్టు అను ఫాంట్లలో కొట్టించండి. యూనికోడ్ అడగొద్దు. అను అక్షరాల్ని ఎవరైనా కాపీ చేసి ఇంకో చోట అతికిస్తే తెలుగు కాస్తా పిచ్చి గీతలుగా మారిపోతుంది, అదొక తాళం. ప్రింటు తీసి, దాని మీద స్టాంపు వేసి, కొంచెం వంకరగా పెట్టి, మీ వేలి నీడ పడేట్టు ఫోన్‌తో ఫొటో కొట్టి సైట్‌లో పెట్టండి. వెతకడానికి లేదు, వరుస మార్చడానికి లేదు, కూడటానికి లేదు. అడిగితే "పెట్టినం గదా, సూస్కోండ్రి" అనొచ్చు, అది అబద్ధం కూడా కాదు. ఫొటో మీద సంవత్సరం మాత్రం వేయొద్దు. జాతర రోజుల్లో లారీలను నార్కట్‌పల్లి దగ్గర తిప్పి నల్గొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపిస్తారు కదా. ఆ దారి మళ్లింపు పట్టిక సంవత్సరం లేకుండా ఒక్కసారి వాట్సాప్‌లోకి వదిలితే, జాతర లేని ఏడాది కూడా ఎవరో ఒక డ్రైవర్ మిర్యాలగూడ చూసి వస్తాడు.

ఇది తప్పు కదా అని మీ మనసు పీకుతుంటే, పెద్దల్ని చూడండి. 2005 అక్టోబర్ 12న పూర్తిగా అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ పదిహేడు రకాల వివరాలు ఎవరూ అడగకముందే బయట పెట్టాలి. చాలామంది పెడుతున్నారు కూడా: అడ్డంగా తిరిగిన స్కాన్ పీడీఎఫ్‌లో, 43వ పేజీ రెండుసార్లు, 44వ పేజీ అసలు లేకుండా. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 2010లో బహిరంగ సమాచారానికి నక్షత్రాలు ఇచ్చే పద్ధతి పెట్టి, ఇలాంటి పీడీఎఫ్‌కూ ఒక నక్షత్రం ఇచ్చాడు. ఎక్సెల్ అయితే రెండు, ఎవరైనా తెరవగలిగే సీఎస్‌వీ అయితే మూడు. ఐదింట ఒకటి వస్తే మన లెక్కలో పాసే.

రెండో వైపు కూడా చూసి పెట్టుకోండి, జాగ్రత్త కోసం. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరాణాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు జన సున్‌వాయి పెట్టి ప్రభుత్వ పనుల లెక్కలు ఊరందరి ముందు చదివారు. అలాంటి సభల్లో కూలీల హాజరు పట్టిక, అంటే మస్టర్ రోల్, పైకి చదువుతుంటే చచ్చిపోయినవాళ్ల పేర్లూ, ఎన్నడూ పనికి పోనివాళ్ల పేర్లూ బయటపడేవి. వెబ్‌సైట్ లేదు, కంప్యూటర్ లేదు, చదవడం రానివాళ్లే ఎక్కువ. ఎవరో ఒకరు గట్టిగా చదివితే సరిపోయింది. 2006లో ఉపాధి హామీ మొదలైన మొదటి విడత జిల్లాల్లో అప్పటి నల్గొండ కూడా ఉంది. సోషల్ ఆడిట్ పేరుతో అదే పద్ధతి మన ఊళ్లకూ వచ్చింది. జాబ్ కార్డు పట్టుకుని, ఎన్ని రోజులు పడ్డాయో, ఎన్ని పైసలు పడ్డాయో చూపించమని అడిగే ఆడవాళ్లు ఉన్న ఊరు మీది. వాళ్లల్లో ఒకామెకు డిగ్రీ చదివే కూతురు ఉంటుంది. మీరు వంకరగా తీసిన ఫొటోను ముందేసుకుని, పొద్దుగూకేలోపు ఆ పిల్ల మొత్తం మళ్లీ టైపు చేసేస్తుంది, 'రూ.' తీసేసి మరీ. గూగుల్ లెన్స్ ఉంటే పొద్దుగూకేదాకా కూడా అక్కర్లేదు.

అందుకని ఆఖరి జాగ్రత్త, అన్నిటికంటే చవకైనది. డొమైన్ కొనేటప్పుడు ఎన్నేళ్లకు అని అడుగుతుంది. జాతర రెండేళ్లకోసారి. మీరు ఒక్క ఏడాదికే కట్టండి, ఆటో రెన్యువల్ టిక్కు తీసేయండి, గుర్తుచేసే మెయిల్ వచ్చేచోట పాత కోశాధికారి ఐడీ ఇవ్వండి. ఆయన పాస్‌వర్డ్ మర్చిపోయి చాలా రోజులైంది.