పండుగైనంక

కార్వాన్‌లో ఏ గల్లీలోకి తిరిగినా ఒకాయన కనిపిస్తాడు. నలభై దాటి ఉంటాడు, అరవై నిండి ఉండవు. కిరాణా కొట్టు నడుపుతుండవచ్చు, ప్లాట్లు చూపిస్తుండవచ్చు, సర్కారు నౌకరీలో ఉండవచ్చు. మంచి మాటకారి. నలుగురినీ కడుపుబ్బ నవ్విస్తాడు, తాను మాత్రం ముక్కుతో నవ్వుతాడు. నవ్వు వచ్చే ఘడియకు కుడిచెయ్యి దానంతటదే లేచి, మీసం దువ్వుతున్నట్టు మూతికి అడ్డం పడుతుంది. పెండ్లి ఫొటోలో ఆయనను వెతకనక్కర్లేదు. అందరూ ఇకిలిస్తుంటే పెదాలు బిగించి నిలబడ్డవాడు ఆయనే. ఫొటోగ్రాఫర్ "జర నవ్వుర్రి అన్నా" అంటే, "మాది సీరియస్ ఖాందాన్ తమ్మీ" అంటాడు.

దావతుల్లో ఆయన ఔదార్యానికి పెద్ద పేరుంది. పళ్లెంలో నల్లిబొక్క పడితే పక్కనున్న పిల్లగాడికి వేసేస్తాడు. చెరుకు ముక్క చేతికొస్తే కోడలికిస్తాడు. జామకాయ కోస్తే "పిల్లలు తినుర్రి, మాకెందుకు" అంటాడు. ఐస్‌క్రీమ్ వస్తే "నాకు షుగరుంది" అంటాడు. లేదు. ఈ త్యాగాలన్నీ చేస్తున్నది ఆయన కాదు, కుడి దవడ పైవరుసలో చివరి నుంచి రెండో పన్ను. దానికోసమే ఎడమవైపు నమలడం నేర్చుకున్నాడు. ఈమధ్య ఎడమవైపు కూడా ఒకటి మూలగడం మొదలుపెట్టడంతో ముందుపండ్ల మీదే సంసారం లాక్కొస్తున్నాడు.

డాక్టర్ దగ్గరికి పోనని మాత్రం ఆయన ఎన్నడూ అనలేదు. పోతాడు, పండుగైనంక. ఈ విషయంలో కార్వాన్ కంటే కలిసొచ్చే ఊరు ఇంకోటి ఉండదు. ఆషాఢంలో గోల్కొండ కోట మీద మొదలైన బోనాలు వారాలపాటు నడిచి ఇక్కడి దర్బార్ మైసమ్మ దాకా వస్తాయి. ఇంట్లో యాటకూర ఉడుకుతుంటే పన్ను పీకించుకొచ్చి గంజి తాగుతూ కూర్చునే మొగోడెవడు? ఆ వెంటనే వినాయకుడు, నిమజ్జనం. పెత్రమాస, బతుకమ్మ, దసరా. దసరా అంటే మళ్లీ యాట. దీపావళికి మిఠాయి. తన పండుగలు అయిపోయినా గాబరా లేదు, పక్కింటివాళ్లవి ఉన్నాయి. రంజాన్ ఏ కాలంలో వచ్చినా నెలంతా హలీం. నమిలే పనే లేని ఆ వంటకాన్ని దేవుడు తనలాంటి వాళ్లకోసమే పుట్టించాడని ఆయన నమ్మకం.

ఇదే కార్వాన్‌లో తోలి మసీదు ఉంది, 1671 నాటిది. కట్టించిన మూసాఖాన్ అంతకుముందు మక్కా మసీదు పనులు చూసేవాడనీ, అక్కడ ఖర్చయిన రూపాయికి ఒక దమ్డీ చొప్పున తనకు ముట్టిన సొమ్ముతో దీన్ని లేపాడనీ పెద్దలు చెప్తారు. దమ్డీ మసీదు అన్న పేరు అందుకే. దమ్డీలు పోగైతే మసీదు లేచిన చోట, మన పెద్దమనిషికి వాయిదాలు పోగై ఏం లేచిందో ముందుముందు చూద్దాం.

వైద్యం చేసుకోడని కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు లవంగాలుంటాయి. లవంగాన్ని తీసిపారేయడానికి లేదు. దాని నూనెలోని యూజినాల్‌ను జింక్ ఆక్సైడ్‌తో కలిపి పంటి డాక్టర్లే గుంతల్లో పెడతారు. అంటే ఆయన వైద్యం సగం శాస్త్రీయం. మిగతా సగంలో ఉప్పునీళ్లు, జామాకు, మెడికల్ షాపు పిల్లగాడు ఇచ్చే తెల్లగోళీ ఉన్నాయి. చిక్కంతా పంటి స్వభావంలో ఉంది. పైనుండే ఎనామెల్‌లో నరాలు లేవు కాబట్టి పిప్పి మొదలైతే కబురందదు. లోపలి గుజ్జు దాకా చేరితే రాత్రిళ్లు కంటికి కునుకుండదు. ఆ గుజ్జు కాస్తా చచ్చిందంటే నొప్పి ఠక్కున ఆగిపోతుంది. ఈ మూడో ఘట్టాన్ని ఆయన "చూసిండ్రా, లవంగం పనిచేసింది" అని ప్రకటిస్తాడు. పన్ను పోయిన రోజున హోటల్‌లో నలుగురికి చాయ్ తాగిస్తాడు.

"నొప్పికి భయమా?" అని అడిగితే ఒప్పేసుకుంటాడు. ఎందుకంటే నొప్పికి భయపడ్డానని చెప్పుకోవడంలో పరువు పోదు. నిజానికి ఈ పక్కనే, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, 1888లోనూ మళ్లీ 1889లోనూ క్లోరోఫామ్ పరీక్షలు జరిగాయి. మత్తులో మనిషి చనిపోతే ముందు ఆగేది గుండెనా, శ్వాసనా అన్నది తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనుకుంటే ఆరో నిజాం డబ్బు పెట్టాడు, లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తన మనిషిని పంపింది. ప్రపంచం మత్తుమందు గురించి కార్వాన్ పొరుగుకొచ్చి తెలుసుకుపోయింది. మన ఆయన లవంగం దాటి రాలేదు. ఇప్పుడైతే అంత మత్తు కూడా అక్కర్లేదు. చిగురుకు పొడిచే లిగ్నోకెయిన్ 1943లోనే స్వీడన్‌లో తయారైంది.

ఆయన అసలు భయం వేరు. డాక్టర్ లైటు దగ్గరికి లాగి, నోట్లోకి చూసి, ఒక్క క్షణం ఏమీ అనకుండా ఉంటుందే, ఆ క్షణం. ఆ తర్వాత వచ్చే "ఇన్నేండ్లు ఏం చేసిండ్రు?" అన్న ప్రశ్న. జవాబు లేని ఆ ప్రశ్నకోసమే ఆయన ఇన్ని పండుగలు చేసుకున్నాడు.

పైగా గల్లీ మలుపులో ఉన్న క్లినిక్ ఆయన స్నేహితుడి బిడ్డదే. "కాకా, ఒక్కపారి వచ్చి చూపించుకోరాదు?" అని ఆ పిల్ల కనబడ్డప్పుడల్లా అంటుంది. "నీకు పేషెంట్లు మస్తుగున్నరు గద బిడ్డా" అని జారుకుంటాడు. ఇంటికొచ్చి భార్యతో "నేను ఎత్తుకొని ఆడించిన పిల్ల. దానిముందల నోరెట్ల తెరుస్తనే?" అంటాడు.

ఒక పొద్దున లేచేసరికి దవడ వాచింది. వాపు మీసానికి లొంగలేదు. భార్య ఒకసారి చూసి, "నీ పండుగ మొఖం మీదనే కనవడుతున్నది, ఇగ పో" అంది.

గల్లీ క్లినిక్‌కు కాదు, అఫ్జల్‌గంజ్‌లో ఉన్న సర్కారు డెంటల్ కాలేజీకి బయల్దేరాడు. 1959 నుంచి ఉంది, ఎక్కడెక్కడి జనమో వస్తారు, తనను ఎరిగినవాడు ఒక్కడూ ఉండడని లెక్క. వెళ్లేముందు అరగంట బ్రష్ చేశాడు, ఏండ్ల బాకీ ఒక్కపూటలో కట్టేసినట్టు. చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. కొత్త బనియన్ కూడా తొడిగాడు. పంటికీ బనియన్‌కూ ఏం సంబంధమో అడగకూడదు, ఆ దశలో మనిషికి ధైర్యం ఎక్కడ దొరికితే అక్కడ తీసుకుంటాడు.

ఆటో పురానాపూల్, జుమేరాత్ బజార్ దాటి దింపింది. చిట్టీ తీసుకుని లోపలికి వెళ్లాడో లేదో, ముందు బెంచీ మీద పాలాయన. పక్కన టైలర్ చాచా. ఆ చివర, బస్తీ పిల్లలందరికీ శుభ్రత గురించి క్లాసు పీకే రిటైర్డ్ సారు. ముగ్గురివీ కార్వానే. ముగ్గురి చేతిరుమాళ్లూ దవడల మీదే ఉన్నాయి.

"ఏంది కాకా, ఇట్లొచ్చినవ్?" అన్నాడు పాలాయన.

"మా అత్తమ్మను తోల్కొచ్చిన."

"యాడుంది?"

"గట్ల బయటికి పోయింది. నువ్వు?"

"మా బామ్మర్దికి."

చాచా అడక్కముందే "హమారీ బేగం" అన్నాడు. సారు మాత్రం ఇక్కడి పెద్ద డాక్టర్ తన శిష్యుడనీ, ఊరికే చూసిపోదామని వచ్చాననీ అన్నాడు. అత్తమ్మ, బామ్మర్ది, బేగం ఎంతకూ రాలేదు. లోపలి నుంచి నర్సు చిట్టీలు చూసి పేర్లు పిలిస్తే ఒకరి తర్వాత ఒకరు వీళ్లే లేచారు. నాలుగో పేరుకు శిష్యుణ్ని చూడ్డానికొచ్చిన సారు లేచాడు.

"లాస్ట్ ఎప్పుడు చూపించుకున్నరు అంకుల్?" అంది డాక్టరమ్మ.

"మొన్ననే మేడం."

"మొన్ననంటే?"

"తెలంగాణ రాకముందు."

నోరు తెరిచాడు. ఆమె లైటు లాగింది, చూసింది, ఒక్క క్షణం ఏమీ అనలేదు. ఇదిగో, ఇదే ఆ క్షణం. తర్వాత తల తిప్పి "సర్, ఒకసారి వస్తరా?" అని పిలిచింది. సర్ వచ్చాడు. ఆయన వెనక అరడజను మంది విద్యార్థులు. అద్దం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "వెరీ గుడ్ కేస్" అన్నాడు సర్. ఇన్నేండ్లూ కట్టుకున్న భార్యకు కూడా సరిగా చూపించని నోటిని పిల్లలు వంతులవారీగా చూసి నోట్సు రాసుకున్నారు. ఒకమ్మాయి వెళ్తూ "థాంక్యూ అంకుల్" అంది. తిట్టినవాళ్లు ఒక్కరూ లేరు. తిట్లకు సిద్ధపడి వచ్చిన మనిషికి ఇది ఒక రకంగా వెలితే, కాబట్టి తానే అందుకున్నాడు: "తప్పంత నాదే మేడం, నేనే ఖరాబ్ చేసుకున్న..."

"నోరు మూయకుర్రి అంకుల్" అంది డాక్టరమ్మ.

వాపు తగ్గడానికి మందులిచ్చి మళ్లీ రమ్మన్నారు. వెళ్లాడు. సూది ఇచ్చాక చిగురు మొద్దుబారింది గానీ డ్రిల్ మోతకు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "అదేం సూది మేడం?" అంటే, "సూది కాదు, బర్ అంటరు. పంటి ఎనామెల్ ఒంట్లో అన్నిటికన్న గట్టిది కదా, అందుకని కొసకు వజ్రం పొడి ఉంటది. నిమిషానికి 3 లక్షల చుట్లు తిరుగుతది" అని చెప్పింది. ఆయన చేతులు వదులయ్యాయి. గోల్కొండ సుల్తానుల నాడు బిడారులు దిగిన చోటు, వజ్రాల వర్తకులు మసలిన చోటు కార్వాన్. అక్కడ పుట్టి పెరిగినా ఆయన ఇంటిదాకా ఒక్క వజ్రమూ రాలేదు. ఇప్పుడు ఏకంగా నోట్లోకి వచ్చింది.

పంటికి క్యాప్ పడింది. ఆ రోజు నుంచి చాయ్ హోటల్‌లో ఆయనది ఒకటే కథ. "వజ్రం పెట్టి కోసిండ్రు" అని మొదలుపెట్టి, వద్దన్నా నోరు తెరిచి చూపిస్తాడు. ఎదుటివాడు ఆవులిస్తే చాలు, లోపలికి తొంగిచూసి "నీది సుత పోయింది, జల్ది పో" అంటాడు. కుదువ దుకాణం సేట్ "వజ్రమైతే పట్కరా, తూకం చూస్త" అన్నాడు. రిటైర్డ్ సారు ఇప్పటికీ శిష్యుణ్ని చూడ్డానికే వెళ్లానంటాడు, రెండు కొత్త పండ్లతో.

స్నేహితుడి బిడ్డకు మాత్రం కోపమొచ్చింది. సేట్ దుకాణం ముందర నిలబెట్టి అడిగింది.

"నన్ను ఇడిసిపెట్టి అంత దూరం పోయినవా కాకా?"

"అట్ల కాదు బిడ్డా. వాళ్లు వజ్రం పెట్టి చేసిండ్రు. నీ దగ్గర ఏడుంటది చెప్పు?"

"ఆ బర్లా? నా దగ్గర డబ్బాడున్నయి కాకా."

ఆయన అటూ ఇటూ చూశాడు. "మెల్లగ మాట్లాడు బిడ్డా, సేట్ ఇంటడు" అన్నాడు.