తోడల్లుడి రాజధాని

మా తోడల్లుడు రిటైరయ్యాడు. శిక్ష నాకు పడింది.

సాయంత్రం కాఫీ వేళకి లాప్‌టాప్ చంకన పెట్టుకుని పద్మారావునగర్‌లోని మా ఇంటికి దిగుతాడు. "అన్నయ్యా, ఇంతకీ ఎక్కడ సెటిలవమంటావు?" అంటాడు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ కాపురం సీతాఫల్‌మండిలోనే కదయ్యా అంటే, "అది ఉద్యోగం కోసం ఉండటం, లెక్కలోకి రాదు" అంటాడు. పిల్లలు అక్కడే పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళయి, తనకి చత్వారం కూడా అక్కడే వచ్చిన మనిషి, ఇంకా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టే మాట్లాడతాడు.

లాప్‌టాప్‌లో ఉన్నవి ఊళ్ళ మార్కులు. ప్రతి ఊరికీ రాజకీయ వాతావరణం, స్థానిక సంస్కృతి, నీళ్ళు, ఆసుపత్రి, పెరుగు అని పేపర్లు. పేపరుకి పదేసి మార్కులు. పెరుగుకో పేపరేమిటని అడక్కండి, నేనడిగి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. మిగతావి ఒకసారి వేస్తే అలా ఉంటాయి గానీ, మొదటి పేపరు మాత్రం రోజూ మళ్ళీ దిద్దాలి. పొద్దున్నే దినపత్రిక గుమ్మంలో పడగానే నిన్నటి మార్కులు చెల్లవు. బెంగళూరు మొదట్లో ఎనిమిదితో దర్జాగా పాసైంది. షాపుల బోర్డుల మీద 60 శాతం కన్నడం ఉండాలన్న గొడవ గురించి చదివాక ఆరుకి పడింది. ఈయనకి షాపూ లేదు, బోర్డూ లేదు. కొడుకుండే టెక్సస్ ఫ్రిస్కోకి తొమ్మిది వేసుకున్నాడు. 2025 సెప్టెంబరులో ట్రంపు హెచ్‌1బీకి లక్ష డాలర్ల రుసుమన్న రాత్రి అది రెండుకి జారింది. పాతవాళ్ళకి వర్తించదని తెలిశాక నాలుగు దగ్గర ఊపిరి పీల్చుకుంది. విశాఖ సంగతి సరేసరి. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నప్పుడు ఎక్కిన మార్కులు, 2021 నవంబరులో ఆ చట్టం వెనక్కి తీసుకోగానే దిగాయి. ఇప్పుడు అమరావతి వంతు.

అసలీ జబ్బు వాళ్ళ వంశానిది. తాతగారు మద్రాసు సర్కారులో గుమాస్తా. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వస్తే కర్నూలు పోయి డేరాల్లో కూర్చుని ఫైళ్ళు చూశారు. ట్రంకుపెట్టె పూర్తిగా విప్పకముందే 1956 నవంబరొచ్చి, హైదరాబాదు పదమన్నారు. మనవడు ఇక్కడి సచివాలయంలో చేరి, అమ్మయ్య అనుకునేసరికి 2014లో రాష్ట్రం రెండయింది. పదేళ్ళు ఉమ్మడి రాజధాని అని చట్టంలోనే రాశారు కాబట్టి, ఈలోగా తన సర్వీసూ ఇంచుమించు గట్టెక్కుతుందని ధీమాగా ఉన్నాడు. రెండేళ్ళు తిరక్కుండా వెలగపూడి రమ్మన్నారు. వారానికి ఐదు రోజుల పని, శుక్రవారం సాయంత్రం రైలు, సికింద్రాబాదులో రెండు రోజుల సంసారం, మళ్ళీ రైలు. రాజధాని ఎటు పిలిస్తే అటు నడిచిన కుటుంబం. ఇప్పుడు ఏ రాజధానీ పిలవకపోయేసరికి ఎటు నడవాలో తెలియడం లేదు పాపం.

ఈయన్ని చూసినప్పుడల్లా నాకు సురిటి అప్పయ్య గుర్తొస్తాడు. మన ఉజ్జయినీ మహంకాళి గుడి అప్పయ్యే. పటాలంలో కొలువు. 1813లో ఉజ్జయినికి బదిలీ చేశారు. రాజకీయ వాతావరణం చూసుకుందామంటే ఇక్కడ నిజాం, అక్కడ సింధియా, ఇద్దరి నెత్తిమీదా కుంపిణీ. ముగ్గురికీ కలిపి పదికి ఎన్ని వేస్తాడు? పెరుగు గురించి వాకబు చేసినట్టు కూడా దాఖలాలు లేవు. పొమ్మన్నారు, పోయాడు. ఇక్కడ కలరా వచ్చిందని అక్కడికి కబురందితే, మా ఊరివాళ్ళు బతికి బట్టకడితే నిన్ను మా ఊళ్ళో నిలబెట్టుకుంటానని అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహం పెట్టాడు. బదిలీ మీద వెళ్ళినవాళ్ళు మహా అయితే ఓ చీరో, స్వీటు డబ్బానో తెస్తారు. అప్పయ్య ఏకంగా అమ్మవారినే తెచ్చాడు. ఆవిడా ఇక్కడి వాతావరణం ఎలా ఉంటుందని అడగకుండానే వచ్చింది. ఇంటిపేరు ఇప్పటికీ ఉజ్జయినే. అయినా ఈ రెండు వందల ఏళ్ళలో "మీదే ఊరమ్మా?" అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. లష్కర్ బోనాలంటే ఆవిడవే.

ఇదంతా చెబితే తోడల్లుడికి అప్పయ్య నచ్చలేదు, రంగం నచ్చింది. బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి చెప్పే భవిష్యవాణి అంటే రాజకీయ వాతావరణం పేపరుకి ఇంతకన్నా గట్టి ఆధారం ఏముంటుందని, పోయిన ఆషాఢంలో నన్నూ లాక్కెళ్ళాడు. అక్కడ మంత్రులు కూడా చేతులు కట్టుకుని నిలబడతారు. వానలూ, పంటలూ, రోగాలూ, తనకి జరగాల్సినవి సరిగ్గా జరగడం లేదన్న అమ్మవారి కోపమూ వినిపిస్తాయి. ఏ పార్టీవాళ్ళు ఆ పార్టీకి అన్వయించుకుని ఇంటికెళతారు. ఆ తొక్కిసలాటలో నా కుడికాలి చెప్పు పోయింది. ఒంటిచెప్పుతో నేను కుంటుతుంటే పక్కన ఈయన, "వానలు బాగా పడతాయంది సరే, ఏ జిల్లాలోనో చెప్పలేదేం అన్నయ్యా" అని జనరల్ బజారు దాకా ఒకటే సణుగుడు.

నన్ను కాల్చుకుతింటున్నది మాత్రం వేరే. ఆయన మార్కుల జాబితాలో మైసూరుంది, కోయంబత్తూరుంది, ఆయన జన్మలో చూడని డెహ్రాడూనుంది. సికింద్రాబాద్ లేదు. మా ఇంట్లో కూర్చుని, మా కాఫీ తాగుతూ, మా ఊరిని పరీక్షకి కూడా కూర్చోనివ్వడా? ఆ మాట అనేశాను. నొచ్చుకుని, "రాద్దాం అన్నయ్యా, అదెంతపని? చెప్పు, రాజకీయ వాతావరణానికి ఎంత?" అన్నాడు.

ఎనిమిది అనబోయి ఆగాను.

చిలకలగూడలో నాకో స్నేహితుడున్నాడు, కాలేజీ నాటివాడు. 2009 డిసెంబరు తర్వాత అతను తెలంగాణ ఊరేగింపుల్లో ఉన్నాడు. తెనాలి నుంచి రైల్వే ఉద్యోగానికొచ్చిన తాతకి మనవణ్ణి, నేను టీవీ ముందున్నాను. మేం పోట్లాడుకోలేదు. నాలుగున్నరేళ్ళ పాటు ఇరానీ హోటల్లో ఎదురెదురుగా కూర్చుని క్రికెట్ మాట్లాడుకున్నాం. రాష్ట్రం వచ్చిననాడు అతను మా ఇంటికి మిఠాయి తెచ్చాడు, తిన్నాను. నీకెలా ఉందని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. అప్పట్లో అందరూ భయపెట్టినట్టు ఏమీ జరగలేదు, నన్నెవరూ ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు ఏదైనా మాట్లాడుకోవచ్చు. ఇప్పటికీ కలుస్తాం, చాయ్ చెబుతాం, బుమ్రా వెన్నునొప్పి గురించి మాట్లాడుకుంటాం.

"ఆ గడి ఖాళీగా వదిలెయ్" అన్నాను. వదిలేశాడు. పెరుగుకి మాత్రం తొమ్మిదేశాడు.

ఇన్ని చర్చల్లోనూ మా మరదల్ని ఎవరూ ఏమీ అడగలేదన్న సంగతి మొన్న ఆదివారం గానీ తట్టలేదు. మోండా మార్కెట్ నుంచి సంచుల నిండా కూరలతో తిన్నగా మా ఇంటికే వచ్చింది. అక్కకి వాటా తీసిపెడుతూ, "ఆయన్ని ఎన్ని ఊళ్ళయినా దిద్దుకోనివ్వండి బావగారూ. నేను మా వీధిలో నలభై నెలల చీటీ వేశాను. మొన్ననే మొదలైంది. మధ్యలో పాడుకోను, ఆఖర్నే ఎత్తుకుంటా" అంది.

తోడల్లుడు కాసేపు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ముఖం వెలిగిపోయింది.

"అంటే 2029 ఎన్నికలు కూడా అయిపోతాయన్నమాట! ఈలోగా ఎవరికెన్ని సీట్లొస్తాయో ఊరూరికీ ఒక అంచనా వేసుకుంటే..." అంటూ లాప్‌టాప్ నా వైపు తిప్పాడు.