బెంజి కారూ, బీరువా చాటు స్కానర్లూ

కొరియర్ కుర్రాడికి మా ఇంటి అడ్రసు బాగా తెలుసు. అయినా నా పేరున వచ్చే అట్టపెట్టెల్ని వీధి మొగదల జిరాక్స్ షాపులో ఇచ్చిపోతాడు. అది నేను చేయించుకున్న ఏర్పాటు. రెండో సంసారం పెట్టినవాడు కూడా ఇంత జాగ్రత్త పడడేమో! నేను దాచుకున్నదల్లా స్కానర్లు. కాగితాలు తీసేవి కావు, కారు కడుపులో ఏముందో చెప్పేవి.

ముందు కారు సంగతి చెప్పాలి. బెంగుళూరులో ఎవరో సాఫ్ట్‌వేర్ ఆయన వదిలించుకున్న 2005 నాటి బెంజి, ఈ క్లాసు 220 సీడీఐ. కొత్తగా కొనే చిన్న కారు కంటే చవకగా వచ్చింది. ఎందుకంత చవకో మా ఊరు ఆదోని చేరాక మెల్లగా తెలిసింది. పత్తి సీజన్లో మార్కెట్ యార్డు ముందర లోడు ట్రాక్టర్ల మధ్య ఇరుక్కుంటే జనం గబగబా దారి ఇస్తారు. మర్యాదతో అనుకుని కొన్నాళ్లు మీసం దువ్వాను. గీత పడితే డబ్బులడుగుతానేమోనని భయమట, టీ కొట్టువాడు చెప్పాడు.

సంక్రాంతి తర్వాత ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర. మా అత్తగారి ఊరు. ముప్పై కిలోమీటర్లే కదా, బెంజిలో దిగితే ఆ దర్జాయే వేరని బయల్దేరదీశాను. కోటేకల్ దగ్గర డ్యాష్‌బోర్డు మీద ఒక్కొక్క దీపమే వెలిగి, తేరు కంటే ముందే మా కారులో ఉత్సవం మొదలైంది. బ్రేకు బాగాలేదు, వర్క్‌షాపుకు పొమ్మని ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలు. బామ్మర్ది ట్రాక్టరు తెచ్చి తాడు కడుతూ, “బావా, బెంజిని లాగే యోగం మా ట్రాక్టరుకు రాసిపెట్టిండాది” అన్నాడు. ఊళ్లోకి పోయేదాకా మా ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. ఎండకట, అది సాయంత్రం.

ఆ రాత్రే నిశ్చయించుకున్నాను, ఇక మెకానిక్కుల మీద ఆధారపడకూడదని. మొదట వచ్చింది అగ్గిపెట్టెంత బ్లూటూత్ డాంగిల్. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, దాన్ని ఓబీడీ పోర్టు అంటారు. అందులో గుచ్చి ఫోన్లో చూసుకోవడమే. ఈ డాంగిళ్లకు మూలం ఈఎల్ఎం 327 అనే చిప్పు. కెనడాలో ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ తయారుచేసింది. మొదటి వెర్షన్‌కు కాపీ కాకుండా తాళం వేయడం మరిచారు, లోకమంతా నకళ్లు పుట్టాయి. ఆ కంపెనీ ఎన్నడూ విడుదల చేయని 1.5 వెర్షన్ పేరుతో కూడా డాంగిళ్లు అమ్ముతారు. నాది అంతకంటే కొత్తదట, 2.1. లేని దానికంటే కొత్తదని మురిసిపోయాను.

ఫోనుతో అది వెంటనే కలిసింది. కారుతో కలవలేదు. నాసిరకం నకళ్లలో చాలావాటికి కొత్త కార్ల క్యాన్ భాష తప్ప పాత కార్ల కే లైన్ భాష రాదు. ఒకవేళ వచ్చినా అవి అడిగేది ఇంజిన్ సంగతే. ఓబీడీ పుట్టింది పొగ కోసం. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి చేశారు, మన దగ్గర 2010లో బీఎస్-4తోపాటు వచ్చింది. పొగ సరిగా ఉందా లేదా అన్నదే సర్కారు గోల. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్ ఏమనుకుంటున్నాయో కారు చేసిన కంపెనీ భాష తెలిసిన యంత్రానికే చెబుతాయి. నా గొడవేమో బ్రేకులది.

ఆ బ్రేకుల కథ వినండి. ఆ మోడల్ మొదటి కార్లలో సెన్సోట్రానిక్ అని ఒక ఏర్పాటు, ముద్దుగా ఎస్‌బీసీ. మనం పెడల్ తొక్కితే కంప్యూటర్‌కు కబురు పోతుంది, అది పంపుకు చెబుతుంది, పంపు బ్రేకు వేస్తుంది. ఈ బ్రేకుల తంటా మీద 2004లో కంపెనీ ప్రపంచమంతటా 6,80,000 కార్లను వెనక్కి పిలిచింది, 2006లో ఈ క్లాసులోంచి ఆ ఏర్పాటునే తీసేసింది. నాది 2005ది, నా జాతకం అలాంటిది. మనం ఎన్నిసార్లు బ్రేకు వేశామో ఆ పంపు లెక్క రాసుకుంటుంది, హద్దు దాటితే తనను మార్చమంటుంది. ఇది చెబితే మా ఆవిడ, “మీరు బీపీ మాత్ర మింగిండేది లేనిదీ రాసేటి పంపు దొరకదా?” అంది.

అసలు భయం వేరే ఉంది. బ్రేకు ప్యాడ్లు మార్చేటప్పుడు స్కానర్‌తో ఆ పంపును ముందు నిద్రపుచ్చాలి. లేకుంటే ఎవరో తలుపు తీసినా, తాళం బటన్ నొక్కినా అది లేచి తనను తాను పరీక్షించుకుంటుంది, ఆ ఒత్తిడికి కాలిపర్‌లో ఉన్న వేళ్లు నలుగుతాయి. మా మెకానిక్ భాయ్‌కి ఈ సంగతి చెప్పాను. ఆయన తన పది వేళ్లూ ఒకసారి చూసుకుని, “సార్, మీ స్కానర్ వచ్చినాక పిలవండి” అని బిర్యానీకి వెళ్లిపోయాడు.

ఇక నా రాత్రులన్నీ స్కానర్ల వేటకే. కంపెనీ వర్క్‌షాపులు వాడే స్టార్ డయాగ్నోసిస్ అనే యంత్రం ఉంది. దాని మల్టీప్లెక్సర్ పెట్టెలో సీ3, సీ4 అని తరాలు, పాత కార్లకు డాస్, కొత్తవాటికి జెంట్రీ అని సాఫ్ట్‌వేర్లు. దాని నకలు పాత ల్యాప్‌టాప్‌తో సహా అమ్ముతారు, మా అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజుతో పోటీపడే ధరకు. గ్యారేజీలవాళ్లు వాడే టాబ్లెట్లున్నాయి, అన్ని కంపెనీల కార్లకూ పనికొస్తాయి, ఏటేటా అప్‌డేట్ చందా కట్టాలి. మధ్యలో ఒక్క కంపెనీ కార్ల కోసమే చేసిన చేతి స్కానర్లున్నాయి, చందా గోల తక్కువ. నా బుద్ధి ఏది ఎక్కువ మెరిస్తే అటే పోయేది.

ఒకరోజు అట్టపెట్టె నేరుగా మామగారి చేతికే చిక్కింది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘంలో జీవితమంతా నూలు చూసిన మనిషి. పెట్టెను అటూ ఇటూ తిప్పి, “అల్లుడూ, ఇది ఏ కారుకు, ఏ సంవత్సరానికి, ఏ పనికని అడిగితివా? నూలు నంబరు అడక్కుండా చీర బేరం చేసేటోణ్ణి ఇప్పుడే చూస్తుండా” అన్నాడు. నేను అడిగింది రంగు ఒక్కటే. ఎరుపు కూడా ఉందన్నారు.

ఆయన మాట మీదే దాన్ని వెనక్కి పంపి, నా కారు మోడల్ పేరు, ఎస్‌బీసీ పేరు జాబితాలో ఉన్న చేతి స్కానర్ తెప్పించాను. అది కారులోని కంప్యూటర్లన్నిటినీ పేరుపేరునా పలకరించింది. ఇంజిన్, గేరు, బ్రేకు, ఎయిర్‌బ్యాగు, తలుపులు, సీట్లు, ఏసీ, అన్నీ ఏదో ఒకటి ఫిర్యాదు చేశాయి. పంపు మార్చాలి, ఇన్ని లక్షలు, అప్పు ఎక్కడ తేవాలి అని నేను తల పట్టుకుంటే, డ్వాక్రా సంఘం లెక్కలు రాసే మా ఆవిడ స్క్రీను తన వైపు తిప్పుకుంది.

“అన్నిట్లోనూ వోల్టేజీ తక్కువ అనే కదండీ ఉండేది?”

నిజమే. వేర్వేరు కోడ్లు, వేర్వేరు పేర్లు, మాట ఒక్కటే. ఆ కారుకు డిక్కీలో పెద్ద బ్యాటరీ, బోనెట్ కింద చిన్నది. ఆ చిన్నది బ్రేకులకు ఆపద్ధర్మం. ఇన్వర్టర్ కోసం ఇంట్లో ఎప్పటినుంచో పడి ఉన్న మల్టీమీటర్ తెచ్చి తనే పెట్టించింది. ఆపి ఉంచిన కారులో మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. పెద్దది ఫరవాలేదు. చిన్నది 11 కూడా చూపలేదు. పుట్టిన్నాటిదేనేమో, ఇరవై ఏళ్లు కాపురం చేసి అలిసిపోయింది. దాన్ని మార్చి, కోడ్లు తుడిచేస్తే అవి మళ్లీ రాలేదు. ఆ తుడవడానికి మాత్రం నా స్కానరే కావలసి వచ్చింది. ఈ ముక్క ఇంట్లో రోజుకోసారి గుర్తుచేస్తున్నాను, ఎవరూ చెవిన పెట్టడం లేదు.

భాయ్ ప్యాడ్లు మార్చాడు. స్కానర్‌తో పంపును నిద్రపుచ్చానని చెప్పినా, పని అయ్యేదాకా కారు తాళాన్ని మా ఆవిడ చేతిలోనే ఉంచమన్నాడు.

కాబట్టి పాత ఖరీదైన కారున్న మహాశయులారా, స్కానర్ కొనేముందు మల్టీమీటర్ కొనండి. ఆ తర్వాత మీ కారు సంవత్సరం, మోడల్ చెప్పి, ఇంజిన్ కాక బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు కూడా చదువుతుందా, పని చేయించగలదా అని రాతపూర్వకంగా అడగండి. ఆ బ్లూటూత్ డాంగిల్ మాత్రం అమ్మకానికి ఉంది, ఆదోనిలో ఎవరికైనా కావాలంటే రావచ్చు. బేరం మా ఆవిడతో.