పావడా కొలతలు: టేపు మాట వినకండి

జమ్మలమడుగులో మిషనుకు గుడ్డ ఇచ్చేముందు, గండికోట పిల్లకు పావడా కొలతలు ఎట్ల తీయాలో చెప్తాను. టైలర్లు ఒప్పుకోరు. అయినా నేను నా మాట మీదే ఉంటాను.

1. నడుము కొలత కడుపు నిండినాకే తీయండి. పొద్దున్నే, ఏమీ తినకముందు కొలిస్తే, సంగటి ముద్ద ఊరుబిండితో తిన్న పూట బొందు ఒరుసుకుంటుంది. పిల్ల సగం ముద్దకే లేస్తుంది. గుడ్డ కోసం బిడ్డ తిండి తగ్గకూడదు.

2. తుంటి కొలత నిలబెట్టి తీయకండి. బాసింపట్టు వేసి నేల మీద కూర్చోబెట్టి తీయండి. చెనిక్కాయలు ఒలిచేదీ, బడిలో రాసుకునేదీ కూర్చునే కదా!

3. పొడవు చీలమండ దాకా కొలిచి, రెండు అంగుళాలు తగ్గించండి. పాదాలు కప్పితేనే అందం అంటారు. మన పిల్లలు పెన్నా లోయ పక్కన బండలెక్కుతారు. అక్కడ అంచు కాలికింద పడకూడదు.

4. నిండు కుచ్చిళ్ళకు నడుముకు మూడింతల గుడ్డ చాలు. ఇరవై నాలుగు అంగుళాల నడుముకు రెండు గజాలు. మీరు మాత్రం నాలుగింతలు కొనండి. పంట చేతికొచ్చిన ఏడే ప్రొద్దుటూరు అంగడికి పోగలం. వాన మొహం చాటేసిన ఏడు ఆ కుచ్చిళ్ళు విప్పి నడుము పెంచుకోవచ్చు. 1800లో మన సీమకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో స్కాట్లాండువాడు. ఆ దేశపు మగవాళ్ళు కట్టే నిండు కిల్టుకు ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ దాకా పడుతుంది. ఒళ్ళు మారితే పట్టీల బకిల్సు జరిపించుకుంటారు. మగవాడి ఒంటికే అంత వెసులుబాటు ఉంటే, ఎదిగే ఆడపిల్లకు ఎంత ఉండాలి?

5. అంచు లోపల ఆరు అంగుళాలు మడిచి, మూడు వరుసలు కుట్టించండి. ఉగాదికొక వరుస విప్పండి. బరువవుతుందని టైలరు గొణిగినా వినొద్దు.

మా అమ్మ నా పచ్చ పావడా అట్లే కుట్టించింది. ఎండకు గుడ్డ వెలిసినా, మడత విప్పినచోట పచ్చ ముదురుగా బయటపడేది. మూడేళ్ళకు మూడు చారలు. తోటిపిల్లలు అడిగితే వేలుపెట్టి చూపేదాన్ని: ఇది పోయినేడు పెరిగింది, ఇది ఈ ఏడు.