గాడి లోపలి పదును

పదును అనేది బయటినుంచి నూరితే వస్తుందనుకున్నాను. నా తెలివితక్కువతనమంతా ఆ ఒక్క నమ్మకం మీదే నిలబడింది. వంటింటి కత్తికి అది చెల్లుతుంది. తోలు అంచుల మూలలు తీసే ఎడ్జ్ బెవెలర్‌కు చెల్లదు. ఆ తేడా తెలుసుకునేలోపు ఒక మంచి పనిముట్టును చంపాను, ఒక మంచిమనిషిని మాట అన్నాను.

బెల్టు కోసం కోసిన తోలుకు మూలలు నిటారుగా ఉంటాయి. ఆ మూలను సన్నగా తీసేస్తేనే, ఆ తర్వాత తడిపి, గమ్ రాసి, చెక్కతో రుద్దినప్పుడు అంచు గుండ్రంగా, నున్నగా తేలుతుంది. తీయకుండా రుద్దితే మూల పక్కకు పొంగి గట్టు కడుతుంది. ఆ మూల తీసేదే బెవెలర్. చెక్క పిడి, సన్నటి ఉక్కు కడ్డీ, దాని కొసన రెండు చిన్న కాళ్ళు, వాటి మధ్య గాడి. కోసే అంచు ఆ కాళ్ళ నడుమ ఒదిగి ఉంటుంది. కాళ్ళు కొయ్యవు, కొయ్యకూడదు. ఒకటి తోలు ముఖం మీద, ఇంకొకటి తెగిన అంచు పక్కన జారుతూ దారి చూపిస్తాయి. పదునుగా ఉన్న బెవెలర్‌ను మూల వెంట తోస్తే తోలు ఎక్కడా తెగకుండా ఒకే దారంలా లేచి వస్తుంది. ఆ దారం చూసిన రోజు చేతికి కలిగే ఆనందాన్ని నేను ఇంకే పనిలోనూ ఎరగను.

నాది మొద్దుబారింది. మూలను కొయ్యడం మాని నలపడం మొదలుపెట్టింది. నేను దాన్ని గ్రైండర్ దగ్గరికి తీసుకెళ్ళి అడుగుభాగాన్ని చక్రానికి ఆనించాను. రవ్వలు లేస్తుంటే పని అవుతోందని నమ్మాను. కొస నీలంగా తిరిగింది. ఆ రంగు కూడా నాకు బాగానే కనిపించింది. ఉక్కు దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ఆ నీలం వస్తుంది. అంత వేడికి పనిముట్టు గట్టిదనం దిగిపోతుంది, ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. కొస అంత సన్నం కాబట్టి రెప్పపాటు చాలు. దానికి తోడు అడుగు అరిగి కాళ్ళు కూడా పదునెక్కాయి. జారాల్సినవి కొయ్యసాగాయి. తోలు ముఖం మీద, అంచుకు సమాంతరంగా, సన్నటి గీత పడేది. ఎంత రుద్దినా ఆ గీత పోయేది కాదు.

ఇంత జరిగినా నా అనుమానం నా చేతి మీదికి పోలేదు, తోలు మీదికి పోయింది. పొట్ట భాగం తోలు సాగుతుంది, దాని మూల సరిగ్గా తెగదు అని ఎక్కడో విని ఉన్నాను. అది నిజమే. ఆ సగం తెలివితో తోలు అమ్మిన వ్యాపారి దగ్గరికి వెళ్ళి, వీపు భాగమని చెప్పి పొట్ట భాగం అంటగట్టావని నలుగురి ముందూ అడిగాను. ఆయన ముక్కను మడిచి చూశాడు. "సార్, ఇది వీపే. మీ పనిముట్టు ఒకసారి తెచ్చి చూపించండి" అన్నాడు. నేను పనిముట్టు చూపించలేదు. డబ్బు వెనక్కి తీసుకుని వచ్చేశాను.

చెప్పులు కుట్టే తాతలు రంపెతో నాలుగు కోతలు కోసి, పక్కనున్న తోలు ముక్క మీద దాన్ని అటొకసారి ఇటొకసారి లాగడం చిన్నప్పటినుంచీ చూశాను. అది చేతి అలవాటు అనుకున్నాను. అదే అసలు పని. పదును పూర్తిగా పోయేదాకా ఆగి తిరిగి తేవడం కాదు, పోనివ్వకుండా చూసుకోవడం. బెవెలర్‌కూ అంతే. పని మొదలుపెట్టే ముందు అడుగుభాగాన్ని పచ్చటి క్రోమియం ఆక్సైడ్ పాలిష్ రుద్దిన తోలు మీద వెనక్కి లాగాలి. ముందుకు తోస్తే కోసే అంచు ఆ తోలులోకే దిగుతుంది. తర్వాత అదే పాలిష్ పట్టించిన నూలు దారాన్ని బిగించి కట్టి, గాడిని దాని మీద లాగాలి. నూరినప్పుడు అంచున మిగిలే గరుకు పొర లోపలి వైపుకే ఒరుగుతుంది. చదునైన తోలు దాన్ని చేరలేదు, ఆ దారం చేరుతుంది. నిజంగా మొద్దుబారితేనే వాటర్ పేపర్. 1000 నంబరు, ఆపైన 2000 నంబరు కాగితాన్ని గాడిలో పట్టే తీగకో అట్ట అంచుకో చుట్టి, ఉన్న వాలు మారకుండా చేత్తో నెమ్మదిగా లాగాలి. కాళ్ళకు నునుపే తప్ప పదును రానివ్వకూడదు.

ఇది నేర్చుకున్నాక కొత్త బెవెలర్ కొని, దానికి ప్రేమగా వెజ్ ట్యాన్ తోలుతో ఒర కుట్టాను. వానాకాలమంతా అందులోనే ఉంచాను. తీసేసరికి తుప్పు. తుడిచి, అలాగే వాడితే తేనెరంగు బెల్టు అంచు పొడవునా నల్లటి చుక్కలు పడ్డాయి. వెజ్ ట్యాన్ అంటే చెట్టు బెరడుతోనో కాయలతోనో శుద్ధి చేసిన తోలు; అందులో ట్యానిన్ ఉంటుంది. తడి తగిలితే అది ఇనుమును తింటుంది, ఆ ఇనుముతో కలిసి నలుపవుతుంది. నేను శ్రీకాళహస్తి ప్రాంతంలో పెరిగినవాణ్ణి. అక్కడ కలంకారీ పనివాళ్ళు కరక్కాయ రసంలో ముంచిన గుడ్డ మీద, బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు ఊరవేసిన ద్రవంతో గీత గీస్తారు. గీసిన గీత కళ్ళముందే నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్నదీ ట్యానినే. ఆ నలుపును పసితనం నుంచీ చూస్తూ, నా పనిముట్టును అదే రసాయనంలో నా చేతులతోనే పడుకోబెట్టాను. నిమ్మరసం రాస్తే మరకలు కొంత తగ్గాయి. బెల్టును మాత్రం అమ్మలేకపోయాను. ఇప్పుడు మొనకు పలచగా నూనె రాసి, చెక్క స్టాండులో నిలబెడుతున్నాను. పనికి ముందు నూనె పూర్తిగా తుడుస్తాను, లేకపోతే అది తోలు మీద మరకవుతుంది.

ఆ వ్యాపారి తోలులోంచి కోసిన ఒక పట్టీ నా దగ్గర మిగిలిపోయింది. మొన్న దాని అంచు కొత్త బెవెలర్‌తో తీశాను. మొదటినుంచి చివరిదాకా ఒకే దారం. ఆయన అబద్ధమాడలేదు. అది వీపు తోలే. నలుగురి ముందు అన్న మాట కాబట్టి నలుగురూ ఉన్న వేళ చూసుకునే వెళ్ళాలి. పట్టీ, దారం, నీలం తిరిగిన పాత బెవెలర్ సంచిలో పెట్టుకున్నాను. అడిగినప్పుడు చూపించని పనిముట్టు అది. తీసుకున్న డబ్బు కూడా పెట్టుకున్నాను. ఆదివారం సాయంత్రం ఆయన దుకాణంలో జనం ఎక్కువ.